ఓలెడ్ అంటే ఓల్డ్ కాదు సార్

నా తల మీద జుట్టూ, నా మాట మీద నాకు నమ్మకమూ నిండుగా ఉన్న రోజులవి. మరీ వెనకటి సంగతేమీ కాదు, నాలుగైదేళ్లు అయ్యుంటుంది. జిన్నారం దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో, ప్యాకింగ్ విభాగంలో ట్రైనీగా కొత్తగా చేరాను. కొండాపూర్ మండలంలోని మా ఊరి నుంచి పొద్దున్నే కంపెనీ బస్సెక్కడం, మాత్రల డబ్బాల మీద అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదో చూడటం, సాయంత్రం ఇంటికొచ్చి మా చెల్లెతో గేమ్ మెషిన్ కోసం కొట్లాడటం, ఇదీ నా దినచర్య. చేతిలో పట్టుకుని ఆడే ఆ మెషిన్ మా ఇద్దరిదీ. వాడి వాడి దాని ఎడమ జాయ్‌స్టిక్ పాడైపోయింది. వేలు పెట్టకపోయినా ఆటలో మనిషి తనంతట తానే ఎడమకు నడుచుకుంటూ పోయి చెరువులో పడేవాడు. (మా నాయన చూసి, "వీడేందిరా, కల్లు తాగినోని లెక్క నడుస్తుండు" అనేవాడు.) వెనకాల స్టాండు చిటికెన వేలంత. బల్ల మీద నిలబెడితే ఫ్యాన్ గాలికే బోర్లా పడేది.

ఇంతలో చెల్లెకు కరీంనగర్‌లో నర్సింగ్ సీటొచ్చింది. సోమవారం హాస్టల్‌కు ప్రయాణం. ఆమె వెళ్లిపోతుందంటే నాకు లోపల దిగులుగా ఉండేది. ఆ మాట నోటితో చెప్పడం చేతకాక, "పోయేటప్పటికి కొత్త మోడల్ ఇప్పిస్త" అనేశాను. "ఇప్పియ్యకపోతే సూడు, నీతోని మాట్లాడనే మాట్లాడ" అంది చెల్లె. ఆ కొత్త మోడల్‌కు పెద్ద తెర పెట్టారు. తెర పేరే దాని పేరైంది, ఓలెడ్. పల్లెకు పార్సిల్ సరిగ్గా రాదని ఫ్యాక్టరీ చిరునామాకు ఆర్డర్ పెట్టాను. శనివారం వస్తుందని తెలిసి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలనే యావతో పాతదాన్ని కూడా వెంట తీసుకెళ్లాను. లోపలికి ఇలాంటివి తీసుకెళ్లనివ్వరు కాబట్టి గేటు దగ్గరుండే వాచ్‌మన్ కాక చేతిలో పెట్టాను.

"కాకా, ఇది పాతది, నీ తాన పెట్టుకో. ఇయ్యాల ఇంకోటి వస్తది, ఓలెడ్. జెర పైలం."

"రెండూ పాతవేనారా? మరి కొత్తది ఏది?"

"ఓలెడే కొత్తది కాకా."

"ఓల్డు కొత్తదా? సరే తియ్యి, సదువుకున్నోనివి, నీకే ఎరుక."

నాకు నవ్వొచ్చింది. సరిదిద్దకుండా లోపలికి వెళ్లిపోయాను. అదే నేను చేసిన తప్పు. ఎందుకంటే మా ఫ్యాక్టరీలో 'ఓల్డ్' అన్న మాట చాలా ప్రమాదకరం. మందుల డబ్బా మీద ఒక్క గీత మారినా కొత్త డబ్బాలు వస్తాయి, పాతవాటికి ఎర్ర చీటీ అంటించి చెత్త బోనులో వేసి తాళం పెడతారు. నాలుగింటికి లారీ వచ్చి తీసుకుపోతుంది. పార్సిల్ రాగానే కాక రిజిస్టర్‌లో 'ఓల్డ్ డబ్బా ఒకటి' అని రాసుకున్నాడు. స్టోరు చూసుకునే సార్ అది చదివాడు. (కాగితం మీద రాసింది తప్ప కంటికి కనిపించేది ఆయన నమ్మడు.) మూడున్నరకు టీకి బయటికొచ్చి చూస్తే, నా కొత్త మెషిన్ ఎర్ర చీటీతో బోనులో ఉంది.

పరుగెత్తుకుంటూ స్టోరుకు వెళ్లాను. "సార్, గా డబ్బా నాది! ఓలెడ్!"

"అదే కదా, ఓల్డ్. అందుకే బోన్ల ఏసినం."

"ఓల్డ్ కాద్సార్, ఓలెడ్! ఓల్డ్ గేటు కాడ ఉంది!"

"అంటే ఇంకో ఓల్డ్ గూడ ఉన్నదా? తెప్పియ్, దాన్ని గూడ ఏద్దాం."

నాకే ఏది ఏదో తికమక మొదలైంది. చివరికి ఆయన డబ్బా విప్పించి, రెండు మెషిన్లనూ బల్ల మీద పెట్టించి, డబ్బాల మీద మార్పులు వచ్చినప్పుడు నింపే ఫారం ముందుకు తోశాడు. కొత్తదని రుజువు కావాలంటే, ఏం మారిందో రాయాలట.

"తెర పెద్దగైంది సార్. నలుపు నల్లగ కనపడ్తది."

"మరి ఇన్నొద్దులు నలుపు ఎట్ల కనపడ్డది?"

"జెర బూడిద లెక్క సార్."

పాతదాంట్లో మనిషి తనంతట తానే ఎడమకు పోతాడనీ, కొత్తదాని స్టాండు వెనక వెడల్పంతా ఉందనీ, ఎలా వంచినా నిలబడుతుందనీ, సౌండు స్పష్టంగా వస్తుందనీ, ఆటలు దాచుకునే చోటు రెండింతలైందనీ గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

"లోపలి ఇంజిన్?"

"అదే సార్."

"ఎడమకు పోయే రోగం?"

"తగ్గిందని ఏడా చెప్పలే సార్."

"మరి ఎందుకు కొన్నవ్‌రా?"

ఫారంలో కూడా 'కారణం' అని ఒక గడి ఉంది. బయట లారీ హారన్ వినిపిస్తోంది. ఏం తోచక, 'చెల్లె హాస్టల్‌కు పోతుంది' అని రాశాను. సార్ అది రెండుసార్లు చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "గీ ముచ్చట ముందే చెప్పొచ్చు గదరా" అని ఎర్ర చీటీ తనే పీకేశాడు. ఇగ జల్దీ పొమ్మంటూ మెషిన్‌ను డబ్బాలో పెట్టి, దాని చుట్టూ ఫ్యాక్టరీ టేపు నాలుగు వరుసలు బిగించాడు. రెండోది నా సంచిలో పడేసుకుని బస్సుకు పరుగెత్తాను.

ఆ డబ్బాను చెల్లె ఇంట్లో తెరవలేదు. "ఈడ తెరిస్తే నువ్వే ఆడ్తవ్" అంది. సోమవారం సాయంత్రం హాస్టల్ నుంచి ఫోన్ చేసింది.

"అన్నా, డబ్బా మీద ఓలెడ్, లోపల ఓల్డ్."

శనివారం నుంచి ముట్టుకోని సంచి వెతికితే కొత్తది నా దగ్గరే తళతళలాడుతోంది. అంత యుద్ధం చేసి, చివరికి ఏది డబ్బాలోకి పోతోందో చూసుకోలేదు. ఆదివారం తెచ్చిస్తానని బతిమాలాను.

"వద్దులే అన్నా. నా రూముల పిల్లకు ఇస్తే, ఆటల మనిషి పొయ్యి చెరువుల పడ్డడు. నవ్విన. మల్ల ఏడుపొచ్చింది. ఇది నా తాననే ఉండనీ."

సరేనన్నాను. కొత్తదాన్ని నా దగ్గరే ఉంచుకున్నాను.

ఇప్పుడు ఇంకా కొత్త మోడల్ వచ్చింది. నా ఓలెడ్ నిజంగానే ఓల్డ్ అయిపోయింది, గేటు కాక మాటే నెగ్గింది. మొన్న ఆడుతుంటే దాని ఎడమ జాయ్‌స్టిక్ కూడా మొండికేసింది. వేలు తీసినా మనిషి నడుచుకుంటూ పోయి చెరువులో దూకాడు. వెంటనే చెల్లెకు ఫోన్ చేసి ఆ శుభవార్త చెప్పాను.