ఇప్పచెట్ల కింద చీరలు

ఫారెస్టు బీట్ ఆఫీసరుగా నా మొదటి పోస్టింగు పోలవరం అవతలి కొండల్లో. పెనుగొండ దగ్గర వరిచేల మధ్య పెరిగినదాన్ని. అడవి తగలబడడం అంతకు ముందు టీవీలో చూడడమే. మొదటి ఎండాకాలమే పచ్చికొమ్మలతో మంటలార్పుతూ కనుబొమలు కాల్చుకున్నాను.

ఆ మంటలు ఎక్కువగా ఇప్పచెట్ల కిందే పుట్టేవి. తెల్లవారుజామున రాలే పూలు ఎండుటాకుల్లో కనబడవని, ఏరుకునేవాళ్లు ముందుగా ఆకులకు నిప్పు పెట్టేవారు. అది చెయ్యి దాటి కొండంతా పాకేది. కేసు పెడతానని బెదిరించాను. పూలు ఏరే ఒక మామ్మ నిదానంగా విని, "కాల్చకపోతే పువ్వెలా కనబడుద్దమ్మా? నువ్వొచ్చి ఏరి చూడు" అంది.

మర్నాడు వెళ్లాను. గంటసేపు నడుం వంచితే నాకు దొరికింది దోసెడు పూలు, ఒక తేలు. కేసు మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ తర్వాతి ఏడు, పూలకాలానికి కాస్త ముందు సెలవు మీద ఇంటికెళ్లాను. మా అమ్మ డాబా మీద పాత చీర పరిచి వడియాలు పెడుతోంది. చూస్తూ చూస్తూ పకపకా నవ్వేశాను.

"అమ్మా, మన వీధిలో పాత చీరలు ఎన్ని దొరుకుతాయి?"

"ఏంటే, ఉద్యోగం మానేసి స్టీలుసామాన్లు అమ్ముతావా?"

అయినా అమ్మ ఇల్లిల్లూ తిరిగింది. "అడవికి చీరలేంటండీ" అని నవ్వుతూనే అందరూ ఇచ్చారు. మూడు మూటలు బస్సెక్కించాను.

పూలకాలం మొదటి రోజు తెల్లారేసరికి ఆకులు ఊడ్చిన ప్రతి చెట్టు కిందా ఒక చీర. నైలానులు, వాయిళ్లు, ఎవరిదో పెళ్లిపట్టు. వాటి మీద టపటపా పూలు. ఇప్పసారా చుక్క ముట్టకుండానే నాకు మత్తెక్కింది. యూనిఫారంలో ఉన్న సంగతి మరిచి చెట్టు నుంచి చెట్టుకి పరుగెత్తాను. మామ్మ మాత్రం మామిడిపిందెల అంచు చీరను నేల మీద పరవనంది. ఒంటికి చుట్టబెట్టుకుని వచ్చి, "ఇది నాకు, మిగిలినయి చెట్లకి" అంది. ఆడవాళ్లంతా పడీ పడీ నవ్వారు. తనిఖీకి వచ్చిన మా రేంజ్ ఆఫీసరు గారు చీర తొక్కడం ఇష్టం లేక బూట్లు విప్పి, చేతబట్టుకుని నిలబడ్డారు. దాంతో నవ్వు మళ్లీ మొదలైంది.

ఆ వేసవిలో మా కొండ మీద ఇప్పచెట్ల కింద పొగ లేవలేదు. పక్క కొండ మీద ఎవరో పారేసిన బీడీకి గడ్డి అంటుకుంటే, నాకంటే ముందు ఆ ఆడవాళ్లే కొమ్మలు పట్టుకుని పరుగెత్తారు. మరుసటి ఏడు రేంజ్ మొత్తానికి చెట్ల కింద పరిచే వలలు వచ్చాయి. కావలసిన కొలతలు మామ్మే చెప్పింది, చెట్టు చుట్టూ అడుగులేసి చూసి.