అమ్మ చెప్పిన గోలీ

నార్కట్‌పల్లి నేతవాడలో నలభై ఏళ్లుగా బీడీలు తాగుతున్నది వెంకటరాజం. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ వచ్చింది మాత్రం ఆయన భార్య వెంకటనర్సమ్మకు. ఈ లెక్క తప్పును వాడ ఒప్పుకోలేదు. ఆమే దొంగచాటుగా తాగి ఉంటుందని తీర్పు చెప్పింది.

పట్నం దవాఖానలో ముక్క తీసి పరీక్ష చేశారు.

"ఏం పని చేస్తవమ్మా?" అన్నాడు డాక్టరు.

"మగ్గం నేస్త సారూ."

"అయితే ఇను. ఒంట్లున్న ప్రతి కణం మీద మగ్గం కింది తొక్కుడుచెక్కల్లాంటివి ఉంటయి. బయటి నుంచి కబురొచ్చి తొక్కితేనే లోపల కణం పెరగాలె. నీకు ఒక చెక్క వంకరపోయి, ఎవరూ తొక్కకుండనే దిగి కూసుంది. మగ్గం ఆగుతలేదు. గీ గోలీ ఆ చెక్క కింద పెట్టే దిమ్మె. రోజూ పెట్టాలె."

ఆ చెక్క పేరు రిసెప్టర్ టైరోసిన్ కైనేజ్ అని కాగితం మీద ఇంగ్లీషులో రాసి, కింద దవాఖాన ఫోన్ నంబరు వేశాడు. చదువుకున్న మనిషి మాట వెంకటనర్సమ్మకు అర్థం కావడం అదే మొదలు. ఆ కాగితాన్ని కొంగున కట్టుకుంది.

గోలీతో పొక్కులు రావచ్చని, వస్తే వెంటనే ఫోన్ చేయమని చెప్పాల్సి వచ్చేసరికి మాత్రం డాక్టరు ఆమెను బరువు చూసుకోవడానికి పంపి, ఇంటి పెద్దకు చెప్పాడు. బయటికెళ్లి బీడీ ఎప్పుడు ముట్టించాలా అని చూస్తున్న ఇంటి పెద్ద అన్నింటికీ తలూపాడు.

రెండు వారాలకు దగ్గు తగ్గింది. ఆమె మళ్లీ మగ్గం గుంటలో కూర్చుంది. అంతలో ముఖమంతా ఎర్రగా పొక్కింది. ఎదురింటి బిక్షమ్మ గడప అవతలి నుంచే దండం పెట్టింది.

"అమ్మవారు పోసిందే వదినా! ఇగ మందు ముట్టకు, తల్లికి కోపమొస్తది."

వెంకటరాజం గోలీల డబ్బాను దేవుడి గూట్లో పెట్టి, తలుపుకు వేపమండలు కట్టాడు.

గోలీ ఆగిన ఐదో రోజు దగ్గు తిరిగొచ్చింది. దిమ్మె తీస్తే చెక్క దిగదా! మొగుడు లేని సమయం చూసి ఆమె కొంగు ముడి విప్పి ఫోన్ చేసింది.

"అమ్మవారు కాదమ్మా, గోలీతోని వచ్చే పొక్కులవి!" నర్సు అరిచింది. "మీ ఆయనకు సారు చెప్పిండు కద? ఇయ్యాల్నే గోలీ వేస్కో, రేపొచ్చి చూపించుకో."

మొగుడికి చెబితే నమ్మడు. ఆయనకు నర్సు మాటకంటే బిక్షమ్మ మాట పెద్దది. బిక్షమ్మకంటే పెద్ద ఒక్కరే.

మొగుడు ఇల్లు చేరే వేళకు ఆమె పసుపునీళ్లు పోసుకుని, జుట్టు విరబోసుకుని గడపలో నిలబడింది.

"అమ్మ కండ్లల్ల కనవడ్డది. 'నా పేరు మీద రోజుకొక గోలీ మింగు బిడ్డా' అన్నది."

వెంకటరాజం పరుగున డబ్బా తెచ్చాడు. ఎదురింటి నుంచి ఉరికొచ్చి గోలీకి కుంకుమ పెట్టబోయిన బిక్షమ్మను ఆపడమే కష్టమైంది.

"వదినా, నా మోకాళ్ల సంగతేమన్న అన్నదా తల్లి?"

"నీ సంగతి అనలే. మీ అన్న బీడీల సంగతి మాత్రం గట్టిగనే అన్నది."

వెంకటరాజం చెవి మీది బీడీని మెల్లగా తీసి గుప్పిట్లో దాచుకున్నాడు.