వైపర్లకు పోసిన ఆముదం

మా పెద్దకొడుకు హైదరాబాదు దవాఖానలో పోయాడన్న కబురు లారీ మీద వచ్చిన మనిషి తెచ్చాడు. అప్పుడు నేను గుమ్మంలో కూర్చుని కండెలకు నూలు చుడుతున్నాను. వచ్చినాయన చెప్పాల్సింది చెప్పి, నీళ్లు తాగి, పక్కన నిలబడ్డాడు. చేతిలో ఉన్న కండె పూర్తిచేసి లేచాను. సగం చుట్టిన కండె మగ్గానికి పనికిరాదు గదా అనుకున్నానేమో, ఇప్పుడు గుర్తు లేదు. కామెర్లు. పదకొండు రోజులు దవాఖానలో ఉన్నాడు. వాడి నాయినే దగ్గరుండి చూసుకున్నాడు. ఇరవై ఆరేళ్లు వాడికి.

నేను మూడో తరగతి దాకా చదివాను. ఇట్లాంటివి రాయడం కొత్త. మన నేతవాళ్ల సంఘం పత్రికలో పోయినవాళ్ల గురించి నాలుగు మాటలు వేస్తారని వాడి నాయిన అంటే కూర్చున్నాను. మంచివాడు అని రాయడానికైతే కూర్చునేదాన్ని కాదు, ఏ తల్లిని అడిగినా అదే చెప్తుంది. నల్లగొండ మోటారు షెడ్లలో వాడి పేరు మీద ఒక తప్పు ఉండిపోయింది. వకీలు సాబు కారు వైపర్లు చెడగొట్టి, డ్రైవర్ చెయ్యి విరగడానికి కారణమైనవాడు అని. ఆ తప్పు నాది. అది చెప్పడానికి రాస్తున్నాను.

మగ్గం మీద కూర్చోబెడితే వాడు నేసేదానికంటే మగ్గాన్ని విప్పి చూసేదే ఎక్కువ. అందుకని వాడి నాయినే బస్టాండు దగ్గర ఒక ఉస్తాదు షెడ్డులో పనికి పెట్టాడు. అక్కడ అందరికీ ఇంజన్ పని మీదే కన్ను. వైపర్ల జోలికి ఎవరూ పోయేవాళ్లు కాదు. మా జిల్లాలో వాన ఎప్పుడు పడాలె, కారు ఎప్పుడు తడవాలె. వీడు మాత్రం నడి ఎండాకాలంలో షెడ్డుకు వచ్చిన ప్రతి పాత కారు వైపర్లూ ఆడించి చూసేవాడట. వానలు లేని జాగాలో వైపర్లెందుకని ఒక సారు నవ్వితే, "వాన రాకుంటె రైతుకు కష్టం సార్, వస్తె మీకు కష్టం" అన్నాడట. ఆ మాట షెడ్డులో చాలా రోజులు చెప్పుకున్నారు.

అన్నం తినేటప్పుడు పని ముచ్చట్లు చెప్పేవాడు. దీపంలో పోసే గాసునూనె వాసన పోవడానికి చేతులు బూడిదతో రుద్ది కడిగేవాడు, అయినా పోయేది కాదు. వైపర్లు మెల్లగా ఆడితే అందరూ మోటారు పోయిందంటారట. మోటారు మంచిగానే ఉంటుందట. అద్దం కింద చిటికెన వేలంత ఇరుసులు రెండు ఉంటాయి, వైపర్లు వాటి మీదే తిరుగుతాయి. ఏండ్ల నాటి గ్రీజు, మన చెలకల ఎర్ర దుమ్ము కలిసి అక్కడ గట్టిపడిపోతుంది. దాన్ని విప్పి, గాసునూనెలో నానబెట్టి కడిగి, మెత్తని గుడ్డతో తుడిచి, రెండే రెండు చుక్కలు సన్న నూనె వేస్తే చాలు. గుడ్డ నన్నే అడిగేవాడు. కొత్త గుడ్డకు గంజి ఉంటుందని, పది ఉతుకులు ఉతికిన పాత గుడ్డే కావాలనేవాడు.

"ఎద్దును కొట్టకు, ఇరుసును చూడు." ఇది వాడి మాట. చెల్లెలికి లెక్కలు రావడం లేదని నేను తిడుతున్నా అదే అనేవాడు. తర్వాత పక్కన కూర్చుని చూస్తే, ఆ పిల్లకు ఎక్కాలే సరిగా రావని తెలిసింది.

వకీలు సాబు కారు చాలా పాతది, కొల్లాపూర్ దిక్కు ఎవరో దొర దగ్గర కొన్నారు. నాలుగేండ్ల కింద, మాఘమాసంలో, వాడు ఆ కారు వైపర్ల ఇరుసులను గుడ్డలో మూటగట్టి ఇంటికి తెచ్చాడు. ఉస్తాదు ఎవరిదో పెండ్లికని పాలమూరు పోయాడు, షెడ్డుకు తాళం, నూనె డబ్బాలు లోపల. వకీలుకు కారు తెల్లారి కావాలె. వాకిట్లో కూర్చుని ఇరుసులు శుభ్రంగా కడిగాడు. సన్న నూనె కోసం దర్జీ ఇంటికి పోతానని లేచాడు. నేను ఆముదం సీసా తెచ్చి ముందు పెట్టాను.

"అమ్మా, ఇది చిక్కగుంటదే. దర్జీ తాన మిషన్ నూనె జర అడిగొస్త."

"మీ తాత మగ్గం దీంతోనే ఆడె. బాయి గిరక దీంతోనే తిరిగె. నీ కారేమన్న ఆకాశం నుంచి దిగిందా?" అన్నాను.

వాడు నవ్వాడు. సీసా అందుకున్నాడు. మా ఇండ్లల్లో దేనికైనా ఆముదమే, తలకూ అదే, తలుపు కీలుకూ అదే. నాకు వేరే ఆలోచన లేదు. తెల్లారి వైపర్లు బిగిస్తే పరుగెత్తినట్టు ఆడాయని సంతోషంగా వచ్చి చెప్పాడు.

మృగశిరలో మొదటి పెద్ద వాన పడింది. వకీలు సాబు కారు కట్టంగూర్ దాటి కేతేపల్లి దిక్కు పోతుండగా రోడ్డు దిగి కాలువలో పడింది. వకీలుకు గీరుకుపోయింది అంతే. డ్రైవర్ కుడి మణికట్టు విరిగింది. వారం తిరగకముందే మా వాడు పని మాని ఇంటికి వచ్చాడు. షెడ్డులో పని తక్కువున్నదని అన్నాడు. ఐదు నెలలు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని, ఒక్క మాట లేకుండా చీరలు నేశాడు. ఉస్తాదుతో జగడం పెట్టుకుని ఉంటాడని నేను దెప్పేదాన్ని. కారు జోరుగా నడిపి పడేసి, షెడ్డు పని పోగొట్టి అందరి నోట్లో మన్ను కొట్టాడని ఆ డ్రైవర్‌ను తిట్టేదాన్ని. వాడు తల వంచుకుని పోగుల మధ్య నాడె విసిరేవాడు.

దసరా తర్వాత ఉస్తాదు మళ్లీ పిలిచాడు. అప్పటి నుంచి సన్న మూతి నూనె డబ్బా ఒకటి వాడి జేబులోనే ఉండేది. ఒకసారి ఏదో పనికి ఆముదం ఇయ్యనా అంటే, "వద్దమ్మా, ఉన్నది" అన్నాడు మెల్లగా. షెడ్డుకు పోయినంక తల్లి ఇచ్చేది పనికొస్తలేదని వాడకట్టు అంతా చెప్పుకుని తిరిగాను.

పదకొండో రోజు కర్మ అయినంక ఆ డ్రైవర్ వచ్చాడు. వకీలు సాబు కారే తెచ్చాడు. నేను లేవలేదు. వాడి నాయినే చాప వేశాడు. డ్రైవర్ కూర్చుని మా వాడి పని గురించి చెప్పసాగాడు. తన చెయ్యి బాగైనాక ఉస్తాదు దగ్గరికి పోయి, ఈ కారు వైపర్లకు వాడు తప్ప ఎవరూ చెయ్యి పెట్టొద్దని తనే అడిగాడట. నాకు అర్థం కాలేదు. నీ చెయ్యి విరగడానికీ వైపర్లకూ ఏం సంబంధం అన్నాను.

"తెల్వదా పెద్దమ్మా? వానల వైపర్లు సగంల పట్టేసినయి. అద్దంల ఏం కనవడలే. ఇప్పి చూస్తె లోపట ఆముదం జిగురు. ఎవడు పోసిండంటె నేనే అన్నడు మీ వాడు. ఎవరిచ్చిండ్రంటె చెప్పలే. తర్వాత నాతోని అన్నడు, 'మగ్గం రోజు ఆడుతది అన్నా, ఆముదం గట్టిపడెటందుకు టైము దొరకది. వైపర్ ఎనిమిది నెలలు పండుకుంటది. నేను గది ఆలోచన చెయ్యలే' అని."

ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. డ్రైవర్ మణికట్టు చూశాను. ఎముక సరిగా అతకలేదు, కొంచెం వంకరగా ఉంది.

"ఆముదం ఇచ్చింది నేను" అన్నాను.

వాడి నాయిన తలెత్తి చూశాడు. డ్రైవర్ చాప మీద ముందుకు జరిగాడు.

"పేరు చెప్పుమని ఉస్తాదు చెంప మీద కొట్టిండు. అయిన చెప్పలే. గిప్పుడు నువ్వు చెప్తె వాడు ఊకుంటడా పెద్దమ్మా?"

"ఊకోడు. నిన్ను నేను తిట్టిన. వాన్ని మీరు తిట్టిండ్రు. ఆ తిట్లన్ని నావి."

అతను లేచాడు. మా ఇంట్లోంచి చెంబుతో నీళ్లు తీసుకుని కారు దగ్గరికి పోయి, రమ్మని పిలిచాడు. ముందు సీట్లో కూర్చోమన్నాడు. నేను కారు ఎక్కడం అదే మొదటిసారి. అద్దం మీద చెంబెడు నీళ్లు గుమ్మరించి, వచ్చి పక్కన కూర్చున్నాడు. వాడకట్టు కనిపించకుండా పోయింది. మీట తిప్పాడు.

వైపర్లు లేచాయి. ఎక్కడా తడబడలేదు. దవాఖానకు పోయేముందు వాడు చేసిన ఆఖరి పని అదేనని డ్రైవర్ చెప్పాడు. రెండు అర్ధచంద్రాల్లో మా ఎదురింటివాళ్లు ఆరేసిన ఎర్రనూలు కనిపించింది, ఇటు పక్కన మా గుమ్మంలో నిలబడ్డ వాడి నాయిన కనిపించాడు.

నీళ్లు అయిపోయాయి. అద్దం ఆరిపోయింది. పొడి అద్దం మీద ఆడిస్తే రబ్బరు పాడవుతుందని డ్రైవర్‌కు తెలియక కాదు. చెయ్యి మీట మీదే ఉంచి ముందుకు చూస్తున్నాడు. నేనూ ఆపమనలేదు. కీచుమంటూ అవి అటూ ఇటూ ఆడుతూనే ఉన్నాయి.