గౌలిపుర పాలు, ఇనుము గోలి

నిమ్మకాయ షర్బత్‌తో గౌలిపుర కోడలికి రక్తం పట్టిందన్న వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో ఒక పెద్దావిడ, పక్కన కూర్చున్న చిన్న వయసు డైటీషియన్ భుజం మీద చెయ్యేసి అంటుంది: "ఈ పిల్ల నవ్వుకుంట చెప్పింది, మా కోడలికి రక్తమొచ్చింది. అంతకుముందు ఒకామె దగ్గరికి పోయినం. ఆమె మొఖం చూస్తెనే ఆకలి సచ్చిపోతది."

ఆ ఒకామెను నేనే. ముఖం సంగతి వదిలేయండి, అది మా అమ్మ ఇచ్చింది. షర్బత్ సంగతి మాత్రం వదలను. ఆ కోడలికి రక్తం పట్టించింది షర్బత్ కాదు.

రెండేళ్ల కిందటి ఎండాకాలం మాట. లాల్‌దర్వాజా దగ్గర ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రిలో నేను అప్పుడూ డైటీషియన్నే, ఇప్పుడూ డైటీషియన్నే. డాక్టరమ్మ చూసి పంపినవాళ్లు మెట్ల కింద ఉన్న నా గదికి వస్తారు. ఒక బల్ల, కుర్చీలు, బరువు తూచే మిషను, తలుపు మూస్తే ఉడికిపోయే గాలి. వచ్చినవాళ్లలో నూటికి తొంభై మంది అడిగేది ఒకటే: "ఏం తింటే రక్తమొస్తది మేడం?" దానిమ్మ అంటే దానిమ్మ, బీట్రూట్ అంటే బీట్రూట్, ఒక్క పేరు చెప్పి పంపెయ్యాలి. పళ్లెంలో సగం కూర, ఆకుకూర ఉండాలి, అన్నం తగ్గి పప్పో గుడ్డో మాంసమో పెరగాలి, ఏది దేనితో కలిపి తింటున్నారో చూసుకోవాలి అని చెబితే ముఖాలు వాడిపోతాయి. ఒక్క పేరు చెప్పేవాళ్లకు పేరొస్తుంది. నాకు రాలేదు.

సుజాత ఏడో నెలలో ఉండగా అత్త యాదమ్మతో కలిసి వచ్చింది. గౌలిపురలో బర్రెలు పెట్టుకుని పాలు పోసే కుటుంబం. సుజాత మొదటి కాన్పు మా దగ్గరే జరిగింది, కానీ రక్తం ఆగక అంబులెన్సులో పెద్దాసుపత్రికి పంపాల్సి వచ్చింది. బతికి బయటపడింది. ఇప్పుడు హీమోగ్లోబిన్, అంటే రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థం, ఎనిమిది దగ్గర ఆగిపోయింది. గర్భిణికి పదకొండు ఉండాలి. డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పేసింది: ఇది పెరగకపోతే ఈసారి కాన్పు ఇక్కడ చెయ్యలేను, ముందే పెద్దాసుపత్రికి రాసిస్తాను.

సుజాత నా బల్ల అంచు పట్టుకుని మెల్లగా అంది. "మేడం, నన్ను ఆ బండి ఎక్కనియ్యకుండ్రి. ఆ సైరన్ ఇన్నదాన్నే, మళ్ల ఇననీకి నాతోని కాదు."

మా వృత్తిలో మొదటి పని ట్వెంటీ ఫోర్ అవర్ రీకాల్. నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా నోట్లోకి పోయినదంతా ఒక్కటీ వదలకుండా చెప్పించడం. సుజాతను అడిగితే యాదమ్మ చెప్పింది.

"పొద్దుగాల రెండు జొన్నరొట్టెలు, తోటకూర. పగటీలి అన్నం, పప్పు, పెరుగు. నడుమల పల్లిపట్టి. ఐతారమొస్తె మటన్. ఏం తక్వ చేసినం మేడం? మా ఇంట్ల తిండికి ఫికర్ లేదు."

"ఆమెను చెప్పనియ్యి యాదమ్మా. తిన్నది ఆమె కద."

"పెట్టింది నేను గద."

తిండి నిజంగానే బాగుంది. గోలీలు పారేస్తోందేమో అనుకున్నాను, చాలామంది వికారమని పారేస్తారు. విరేచనం నల్లగా వస్తోందా అని అడిగాను. ఇనుము గోలి వేసుకునేవాళ్లకు అలా వస్తుంది, అది అబద్ధం చెప్పదు. సుజాత తల దించుకుని ఊపింది. గోలి కడుపులోకి పోతోంది, రక్తంలోకి రావడం లేదు. ఎక్కడ ఆగుతోంది?

జవాబు యాదమ్మ సంచిలోంచి వచ్చింది. "గోలి టైమైంది" అంటూ మూత ఉన్న చిన్న స్టీలు క్యాను తీసి, గ్లాసు నిండా బర్రె పాలు పోసింది. పైన మీగడ తేలుతోంది. ఇనుము గోలి, కాల్షియం గోలి రెండూ కలిపి కోడలి చేతిలో పెట్టింది.

"ఆగు సుజాతా. గోలి పాలతోనా ఏసుకునేది?"

"మరి దేంతోని ఏస్తరు?" అంది యాదమ్మ.

"నీళ్లతోని."

"పాలోళ్ల ఇంటికి కోడల్ని తెచ్చుకొని నీళ్లతోని గోలి మింగియ్యాల్నా? బస్తీల ఏమంటరు? వీళ్లు ఇంట్ల గూడ నీళ్లే పోస్తుండ్రు అంటరు."

బయట బెంచీ మీద వాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పాలలోని కాల్షియం, గోలిలోని కాల్షియం, ఇనుము అన్నీ ఒకేసారి పోతే ఇనుము సరిగా లోపలికి పట్టదు. ఇలా లోపలికి పట్టడాన్నే అబ్జార్ప్షన్ అంటాం. తిన్నదంతా వంటికి పట్టదు, పట్టిందే లెక్క. చాయ్‌తో కూడా ఇదే తంటా. గోలికీ వీటికీ మధ్య గంటో రెండు గంటలో ఎడం ఉంటే చాలు. ఇదంతా యాదమ్మకు అర్థమయ్యేలా చెప్పాలని అన్నాను: "మీ గల్లీల బర్రెలు అడ్డం నిలబడితె ఆటో పోతదా యాదమ్మా? గిది గూడ గట్లనే. పాలు అడ్డముంటె ఇనుము పోదు."

"మా బర్రెలు అడ్డమా?"

"బర్రెలు కాదు, పాలు. అదీ గోలి ఏసుకునేటప్పుడే."

"మా అత్త ఈ పాలు తాగే ఇంటినిండ పిల్లల్ని కన్నది. ఆమెకు ఏ మేడం చెప్పింది?"

"ఆమె రక్తం ఎవరు చూసిండ్రు యాదమ్మా?"

అనకూడని మాట అని మీరంటారు. నేనలా అనుకోను, అది అడగవలసిన ప్రశ్న. యాదమ్మ క్యాను మూత గట్టిగా బిగించింది. "లే సుజాతా. ఇంత ఎండల వచ్చింది పాలను తిట్టిపిచ్చుకోనీకా?" గోలీలు రెండూ ఇంకా సుజాత అరచేతిలోనే ఉన్నాయి. బల్ల మీది నా నీళ్ల సీసాను ముందుకు తోశాను. ఆ పిల్ల ఇనుము గోలి ఒక్కటే వేసుకుని రెండు గుక్కలు తాగింది. యాదమ్మ చూసింది. ఇద్దరూ వెళ్లిపోయారు.

తర్వాత నా దగ్గరికి రాలేదు. పత్తర్‌గట్టిలో ఫర్హీన్ దగ్గరికి వెళ్తున్నారని నర్సు చెప్పింది.

ఫర్హీన్ ఎవరో చెప్పాలి. చదువు అయ్యాక ట్రైనింగ్‌కు నా గదికే వచ్చింది. రీకాల్ తీసుకోవడం, పళ్లెం చూసి లోటు పట్టుకోవడం ఈ బల్ల దగ్గరే నేర్చుకుంది. ఇప్పుడు పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం పైన ఆమెకు సొంత క్లినిక్ ఉంది. అద్దాల తలుపు, ఏసీ, రంగురంగుల బొమ్మల కార్డులు, తెలుగూ ఉర్దూ కలిపిన తియ్యటి మాట. నా గల్లీ వాళ్లే నా గుమ్మం ముందు నుంచి ఆటో ఎక్కి అక్కడికి పోతారు. నాకు కడుపుమంట అని మా ఇంట్లో వాళ్లే అంటారు. మంటే. దానికి నా దగ్గర డైట్ చార్టు లేదు.

ఎనిమిదో నెల చివర సుజాత హీమోగ్లోబిన్ పది దాటింది. డాక్టరమ్మ సంతోషంగా నా గదిలోకి తొంగిచూసి, "ఫర్హీన్ మంచిగా చెప్పిందట, నీ దగ్గర నేర్చుకున్న పిల్లే కద" అంది. ఆ "నీ దగ్గర" అన్న ముక్క నన్ను ఊరడించడానికి. ఊరట కలగలేదు. కాన్పు మా ఆసుపత్రిలోనే జరిగింది. ఆడపిల్ల. అంబులెన్సు గేటు దగ్గరే ఉండిపోయింది. ఆ వార్తకు నేను సంతోషించాను, అందులో ఏ తిరకాసూ లేదు. ఆ తర్వాత వీడియో వచ్చింది.

చూసిన మర్నాడే పత్తర్‌గట్టి వెళ్లాను. దుపట్టా కొనడానికి అని ఇంట్లో చెప్పాను. దుకాణం పక్కన మెట్లెక్కితే ఫర్హీన్ ఎదురొచ్చి, "బైఠియే మేడం, ఎన్ని దినాలకు" అంటూ తన కుర్చీ నాకే ఇచ్చింది. ఆ మర్యాద చూస్తే ఇంకా మండింది. ఆమె బల్ల మీద ఒక స్టీలు డబ్బా ఉంది. మూత మీద యాదమ్మ పెనిమిటి పేరు చెక్కి ఉంది.

"యాదమ్మ జున్ను తెచ్చింది మేడం. తింటరా?"

జున్ను అమ్మరు. బర్రె ఈనితే అయినవాళ్లకు పంచుతారు. నాకు రాలేదు. "నాకొద్దు. షర్బత్‌తోని రక్తమొస్తదని నేను నేర్పిన్నా నీకు?"

"లేదు మేడం."

"నిమ్మకాయకు పని లేదని నేననను. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుము పట్టనీకి విటమిన్ సి సాయం చేస్తది. గోలికి దాంతోని ఒరిగేది తక్కువ. అందులో మళ్ల చక్కెర."

"చక్కెర వద్దనే చెప్పిన. వాళ్లు కలుపుకున్నరు." ఫర్హీన్ జున్ను డబ్బా పక్కకు జరిపింది. "మేడం, ఒక మాట చెప్త, కోపం చేయకుండ్రి. వాళ్లు నా దగ్గరికి మొదటిసారి వచ్చేసరికే పాలు, గోలీలు అలగ్ అలగ్ అయినయి. ఇనుము గోలి పగటీలి నీళ్లతోని, కాల్షియంది పొద్దుగాల, పాలు పండుకునే ముందు. అంత సహీ ఉంటె నేనేం చెప్పాలె? ఉత్త చేతుల్తోని పంపుతె బాగుండదని నిమ్మకాయ చెప్పిన."

"మరి వీడియోల ఆ ముచ్చటేది?"

"చెప్పిన మేడం. వీడియో తీసేటాయన కట్ చేసిండు. లంబా అయితె ఎవరు చూస్తరు అన్నడు."

"గోలీలు వేరు చేయమని ఎవరు చెప్పిండ్రని అడగలేదా?"

"అడిగిన. పాల సంగతి మాకొకరు చెప్పాల్నా అన్నది యాదమ్మ. మళ్ల నాకే సమజ్ చేసింది." ఫర్హీన్ నవ్వు ఆపుకుంటోంది. "గల్లీల బర్రెలు అడ్డముంటె ఆటో పోతదా బిడ్డా, గట్లనే ఇది గూడ, అన్నది. మీ మాటే అని నాకు అప్పుడే తెలిసింది. మీ దగ్గర ఉన్నప్పుడు నాక్కూడ గిట్లనే చెప్తుంటిరి కద, మదీనా చౌరస్తా కాడ బస్సు అడ్డమొచ్చినట్టు అని."

దుపట్టా కొనకుండానే ఇంటికి వచ్చాను. అంతవరకు నా కోపం ఒక మనిషి మీదే ఉండేది, దానికి అలవాటు పడ్డాను. ఇప్పుడు ఇద్దరయ్యారు. పైగా యాదమ్మ అక్కడితో ఆగలేదు. కొద్ది రోజులకు గౌలిపుర నుంచే వచ్చిన ఒక గర్భిణికి గోలి దేంతో వేసుకుంటావని అడిగితే, "నీళ్లతోనే మేడం. పాలు అడ్డమొస్తయంట. మా యాదమ్మత్త చెప్పింది" అని నాకే బర్రెల సంగతి మొదలుపెట్టింది. నేను పూర్తిగా విన్నాను. యాదమ్మ నా కంటే బాగా చెబుతోంది. ఆ బర్రెల కథలోని ఆటోలో ఒక గర్భిణిని కూడా కూర్చోబెట్టింది.

ఈ కేసు తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. ఏం తిన్నారు అన్నదాని వెంటే, దేంతో, ఎప్పుడు అని అడుగుతాను. మంచి తిండి, మంచి మందు రెండూ ఒక ఇంట్లో ఉండి కూడా ఒకదాన్నొకటి పనిచెయ్యనియ్యకపోవచ్చు. ఒకదాన్ని మానెయ్యక్కర్లేదు, వేళ మారిస్తే చాలు. ఇంకొకటి కూడా తెలిసింది, అయితే ఇది నాకు రుచించలేదు. పాలు పోసి బతికే ఇంటికి పాలు వద్దని బయటివాళ్లు చెప్పకూడదు. ఆ ఇంటి పెద్ద చెప్పాలి. ఆమె చెప్పడానికి ముందు ఎవరో ఆమెతో పోట్లాడి, మాట అక్కడ వదిలేసి, పేరు లేకుండా పక్కకు తప్పుకోవాలి. సలహా చెప్పడం చదువులో నేర్పారు, తప్పుకోవడం ఎవరూ నేర్పలేదు.

పిల్లకు టీకా వేయించడానికి వచ్చినప్పుడు యాదమ్మ నా గదిలోకి వచ్చింది. బల్ల మీద ఒక డబ్బా పెట్టింది. ఫర్హీన్‌కు ఇచ్చిన దానికంటే చిన్నది.

"జున్ను. తింటవా మేడం, దీంట్ల గూడ ఏమన్న అడ్డమున్నదా?"

"గోలితోని కలిపి తినకుంటె చాలు."

"డబ్బా వాపస్ ఇయ్యాలె."

"ఫర్హీన్‌ను గూడ అడిగినవా డబ్బా?"

"ఆమె చిన్నపిల్ల."

సుజాత వెనక నుంచి నవ్వింది. ముఖంలో రంగు వచ్చింది, పాప భుజం మీద నిద్రపోతోంది. ఇక ఉండబట్టలేక అడిగాను. "యాదమ్మా, గోలి పాలతోని ఏసుడు ఎప్పుడు బంద్ చేసినవ్?"

"ఏంది బంద్ చేసేది? మేం ముందటి సంది నీళ్లతోనే ఏస్తున్నం." సుజాత నవ్వు ఆపేసి పాప టోపీ సర్దుతూ ఉండిపోయింది. "తిను, చల్లారితె బాగుండది" అని యాదమ్మ కోడలిని తీసుకుని వెళ్లిపోయింది.

జున్ను బాగుంది, మిరియాలు పడ్డాయి. డబ్బా మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది. దాన్ని అడగడానికి యాదమ్మ మళ్లీ రావాలి కదా, వచ్చినప్పుడు నేనూ ఒకటి అడుగుతాను. ఆ రోజు పాల క్యాను మూత బిగించి, నన్ను తిట్టుకుంటూ ఎండలో లాల్‌దర్వాజా నుంచి గౌలిపుర దాకా నడిచావు. ఆ దారిలో ఏ మలుపు దగ్గర నా మాట నీ మాటైపోయింది యాదమ్మా?