దోనె కట్టుకోడానికి చోటేదండీ?

ఈ రోజు మా బావమరిదితో కలిసి ఏలూరు శివార్లలో కొత్త లేఅవుట్ చూడటానికి వెళ్లాను. కొల్లేటి వైపు పల్లపు చేలు పూడ్చి, ఎర్రమట్టి పరిచి, ఫౌంటెను కూడా పెట్టారు. స్థలం నచ్చితే అక్కడే అడ్వాన్సు ఇచ్చేస్తానని మావాడు కవరు కూడా తెచ్చుకున్నాడు. వద్దంటే వినే రకం కాదు. అందుకని సైటు చూపిస్తున్న ఏజెంటునే వినయంగా అడిగాను.

"ఏవండీ, కారుకి చోటు చూపించారు. మరి దోనె ఎక్కడ కట్టుకోవాలండీ?"

"దోనె ఎందుకండీ?"

"వానాకాలం పాల ప్యాకెట్టు తెచ్చుకోవాలి కదండీ. చిన్నప్పుడు ఇక్కడే మొలలోతు నీళ్లలో కొరమీనులు పట్టానండి."

కవరు మళ్లీ జేబులోకి వెళ్లిపోయింది. తిట్లు తప్పవనుకున్నాను. కానీ ఏజెంటు నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"ఆ మూల ప్లాటు నేనే కొనుక్కున్నానండి, రేపు పునాది పోయిస్తున్నాను. మొలలోతంటే మీ చిన్నప్పటి మొలాండీ, ఇప్పటిదాండీ?"

ఎందుకైనా మంచిది, ఇప్పటిదే లెక్క వేసుకుని పునాది లేపమన్నాను. ఊరు పెంచేవాళ్లు ముందుగా అక్కడ చేపలు పట్టినవాణ్ణి అడగాలంటాను. మీరేమంటారు?