దర్జీ అన్నయ్య కత్తిరించని గుడ్డ

మా అబ్బాయి పోయాక నేను ఏడ్చాను. మా ఆయన కంట తడి పెట్టలేదు, మానకుండా పనికెళ్ళాడు. తట్టుకున్నాడనుకున్నాను.

రెండు నెలల్లో మూడోసారి ప్యాంట్లు నడుము దగ్గర తగ్గించమని ఇద్దరం వెళ్ళాం. నాకు వరసకు అన్నయ్యయ్యే మా వీధి దర్జీ టేపు పక్కన పెట్టి, "తప్పు ప్యాంటుది కాదు బావా. అసలు నిద్ర పడుతోందా నీకు?" అన్నాడు. మా ఆయన కుట్టుమిషను మీద తల వాల్చి బావురుమన్నాడు. అన్నయ్య షాపు మూసి, మానసిక వైద్యుడి దగ్గరికి తనే వెంటబెట్టుకెళ్ళాడు.

ఇప్పుడు ఆయన మందులు వాడుతున్నాడు, బాబు గురించి నాతో మాట్లాడుతున్నాడు. అన్నయ్య అడగకపోతే ఆయన్నీ పోగొట్టుకునేదాన్ని.

నిన్న అవే ప్యాంట్లు వదులు చెయ్యమన్నాను. అన్నయ్య కుట్లు విప్పాడు. లోపలి గుడ్డంతా అలాగే ఉంది.

"బావ మళ్ళీ ఒళ్ళు చేస్తాడని ఉంచాను చెల్లెమ్మా. ఇంతకు మించితే నావల్ల కాదని చెప్పు!"