మొప్పలో లేని ఉంగరాలు

ఏలూరు చర్చిలో స్టెల్లాను దేవుడు చూపునిచ్చిన బిడ్డ అంటారు. వినడానికి బాగానే ఉంటుంది గాని, ఆ చూపు ఆమె లెక్కలు చేసి సంపాదించుకున్నది.

2007లో ఆమె ఒక ప్రైవేటు చేపల ల్యాబ్‌లో మైక్రోస్కోపు చూసేది. పచ్చి మొప్పను మందంగా పెడితే వెలుగు లోపలి పొరల్లో చెదిరి బొమ్మంతా మసకబారుతుంది. పల్చగా కోసి, రంగులద్ది చూడాలంటే రోజులు పడుతుంది. చెరువు అంతవరకు ఆగదు. అందుకని స్టెల్లా రేకుకు సూదితో చిల్లి పొడిచి, ఆ చుక్క వెలుగు మొప్ప గుండా వస్తూ ఎంత పరుచుకుంటుందో ఫొటో తీసింది. పరుచుకున్న వెలుగును మళ్ళీ చుక్కగా కుదించే ప్రోగ్రామ్ తనే రాసింది. దాంతో మసక ఫొటోలు తేటపడ్డాయి.

కలిదిండి రైతు శేషగిరిరావు చెరువులో పట్టుబడికొచ్చిన చేపలు తెల్లవారుజామున పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. ఆక్సిజన్ చాలకా, పురుగు పట్టా? ఆయన తెచ్చిన మొప్పను ఫొటో తీసి ప్రోగ్రామ్‌కిస్తే ఉంగరాలు కనబడ్డాయి. మొప్పను పట్టే పురుగొకటి అచ్చం ఉంగరంలాగే ఉంటుంది. పురుగేనని స్టెల్లా చెప్పేసింది. ఆయన మందు కొనడానికి వెళ్ళాడు.

తరవాత చూస్తే, గాజు పలక మీది దుమ్ము చుట్టూ కూడా ఉంగరమే. దుమ్ముకి పురుగు పట్టదు గదా. చుక్క ఫొటో తీసింది ఫార్మలిన్‌లో నిలవుంచిన మొప్పతో. అది ఉడికిన గుడ్డులా తెల్లబడి, వెలుగును ఎక్కువ చెదరగొడుతుంది. ఆ లెక్కను పచ్చి మొప్పకు వేస్తే దిద్దుబాటు మితిమీరి, ప్రతి చుక్క చుట్టూ ఉంగరం పుడుతుంది. పచ్చి మొప్పతో మళ్ళీ కొలిచింది. ఉంగరాలు పోయాయి. మొప్ప శుభ్రంగా ఉంది. అంటే తక్కువైంది ఆక్సిజనే. మందు పోస్తే ఆ ఉన్నదీ తగ్గి చేపలన్నీ చస్తాయి.

ఫోను కలవలేదు. బస్సెక్కింది. వెళ్ళేసరికి చెరువు గట్టు మీద మందు డబ్బాల మూతలు తీస్తున్నారు.

"పొయ్యకండి. నేను చెప్పింది తప్పండీ. ఆ ఉంగరాలు చేపకి లేవు, నా లెక్కలో ఉన్నాయి."

"పొద్దున్న పురుగన్నారు, ఇప్పుడు లెక్కంటున్నారు. సాయంత్రానికి ఏమంటారండీ?" అన్నాడు శేషగిరిరావు.

"ముందు మోటార్లు వేయించండి. ఆనక తిడుదురు గాని."

తప్పు ఒప్పుకుంటే ల్యాబ్ పరువు పోతుందనే పెద్దమనుషులు మనకు బోలెడంతమంది. స్టెల్లాకు ఆ బెంగ ఉన్నట్టు లేదు. ఆయన మూతలు బిగించి మోటార్లు వేయమన్నాడు. కొత్తనీరు చెరువులోకి దూకింది.

మర్నాడు తెల్లవారేసరికి చేపలు పైకి రాలేదు. చేపలు పట్టడానికి వలవాళ్ళకు కబురు పెట్టనా అని శేషగిరిరావు ఫోనుచేసి ఆమెనే అడిగాడు.

"ఇంకొక్క పూట చూసి చెబుతానండీ" అంది స్టెల్లా.